పేపరు వెనక మనిషి

ఆ ఇంట్లో పొద్దున పూట పేపరు తెప్పించుకునేది చదవడానికి కాదు.

కళ్ళజోళ్ళ దుకాణం ఆయన రోజూ దుకాణానికి బయల్దేరే ముందు, టీ గ్లాసు కడిగి బోర్లించి, ముందుగదిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పేపరు విప్పేవాడు. గదికి ఆ కొసన ఆయన భార్య, ఊరంతా టీచరమ్మ అని పిలిచే మనిషి, పిల్లలకు వయొలిన్ పాఠం చెప్పేది. పిల్లలు కూర్చునేది టీచరమ్మకు ఎదురుగా, ఆయనకు వీపు పెట్టి. వాళ్ళ వేళ్ళు తీగ మీద సరైన చోట పడుతున్నంతసేపూ పేపరు నిటారుగా ఉండేది. స్వరం కిందికి జారితే పేపరు కుడివైపుకు ఒరిగేది, పైకి పోతే ఎడమవైపుకు. తాళం తప్పితే ఆయన పేజీ తిప్పేవాడు. మరుక్షణం టీచరమ్మ స్టూలు మీద టక్కున కొట్టి, "ఆగు. మళ్ళీ మొదటినుంచి" అనేది.

"ఆవిడ దగ్గర శ్రుతి పిసరంత జారినా దొరికిపోవాల్సిందే. అది చెవి కాదు, బంగారం తూచే త్రాసు" అని పిల్లల పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. ఆ త్రాసు పేపరు వెనక ఉందని ఎవరికీ తెలియదు. ఆయనకు సంగీతం రాదు. కానీ ముప్పై ఏళ్ళ కాపురంలో పొద్దునా సాయంత్రం ఆ గదిలో తప్పులూ ఒప్పులూ వింటూ వింటూ చెవి పదునెక్కింది. అది పదునెక్కేసరికి టీచరమ్మ చెవి మొద్దుబారడం మొదలైంది.

డాక్టరు నరాలు అలసిపోయాయన్నాడు. ఉన్నది కూడా మెల్లమెల్లగా పోతుందన్నాడు. చెవిలో పెట్టుకునే మిషను ఇచ్చాడు. టీచరమ్మ దాన్ని పెట్టుకుని వయొలిన్ తీసి ఒక్క కమాను లాగి, మిషను పీకి భర్త చేతిలో పెట్టింది. "డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టుందండీ. దీనికంటే వినపడకపోవడమే నయం" అంది. ఎదురుగా నిలబడి లావు గొంతుతో మాట్లాడితే పెదవులు చూస్తూ అర్థం చేసుకోగలదు. సన్నటి స్వరాలు మాత్రం పోయాయి. వయొలిన్ అంతా అవే కదా.

"ఎవరికీ చెప్పకండి" అంది ఆ రోజు.

"అమ్మాయికి?"

"ముందు దానికే చెప్పొద్దు."

ఆయన సరేనన్నాడు. భార్య మాటకు సరేననడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

అమ్మాయిని ఇంట్లో పిచ్చుక అంటారు. చిన్నప్పుడు గుక్క తిప్పుకోకుండా కిచకిచలాడేది కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. ఇప్పుడు బస్సుల కంపెనీ ఆఫీసులో ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలో లెక్కలు వేసే ఉద్యోగం. పదిహేనేళ్ళు తల్లి దగ్గర వయొలిన్ నేర్చుకుని, ఒకనాడు పెట్టె మూసేసి, ఇక వాయించనంది. లాప్‌టాప్‌లో వరుసలు రాసి పాట పుట్టించే విద్య ఒకటుందని, అది నేర్చుకుంటున్నానని చెప్పింది. పాటను ముందే తయారుచేసి పెట్టుకోవడం కాదట, జనం ముందు కూర్చుని అప్పటికప్పుడు రాస్తూ వాయించడమట.

"వేలు కదలకుండా సంగీతమా? టైపు కొట్టడానికీ తాళం వెయ్యడానికీ తేడా లేదా?" అని టీచరమ్మ ఇల్లెగిరిపోయేలా అరిచింది. "నీ దగ్గర ఎంత వాయించినా తప్పులే కదమ్మా. ఒక్కనాడైనా బాగుందన్నావా?" అని కూతురూ అరిచింది. తల్లీకూతుళ్ళ మధ్య నోరారా జరిగిన సంభాషణ అదే ఆఖరు.

ఆ తర్వాత పిచ్చుక వంటింట్లోకి వెళ్ళి వెనక నుంచి "అమ్మా" అని పిలిస్తే టీచరమ్మ పలికేది కాదు. తలుపు దగ్గర నిలబడి "వెళ్ళొస్తా" అంటే తల తిప్పేది కాదు. అమ్మ అలిగిందనుకుంది పిచ్చుక. కొన్నాళ్ళు పిలిచింది, కొన్నాళ్ళు ఏడ్చింది, ఆ తర్వాత పిలవడం మానేసింది. ఇదంతా దుకాణం ఆయన చూస్తూనే ఉన్నాడు. అలకే అనుకోనీ, అసలు సంగతి బయటపడకుండా ఉంటుంది అనుకున్నాడు. ఎంత మంచివాడికైనా ఒక్కోసారి ఎంత చెడ్డ ఆలోచన వస్తుందో!

దుకాణంలో ఆయనకు ఇలాంటి మనుషులు కొత్త కాదు. కళ్ళజోడు పెట్టుకోవడం నామోషీ అనుకునేవాళ్ళు గోడ మీది అక్షరాల పట్టీని బట్టీపట్టి గడగడా అప్పజెప్పేస్తారు. ఆయన నవ్వి, పట్టీ మార్చి అడుగుతాడు. అప్పుడు దొరికిపోతారు. ఇంటికొచ్చి మాత్రం ఆయనే భార్యకు పట్టీ అందిస్తున్నాడు.

ఆ రోజు పిచ్చుకకు ఆఫీసు సెలవు. ముందుగదిలో రెండు జడల పిల్ల పాఠం నడుస్తోంది. ఆ పిల్లను తీసుకొచ్చే తాతగారు, రిటైరైన పోస్టుమాస్టరు, వరండాలో కూర్చుని కునికిపాట్లు పడుతున్నాడు. పాఠం మధ్యలో టీచరమ్మ మంచినీళ్ళకని లేవగానే పిచ్చుక తండ్రి కుర్చీ పక్కకు వచ్చి వంగింది.

"నాన్నా, వచ్చే ఆదివారం నా ప్రోగ్రాము. లైబ్రరీ మేడ మీద హాల్లో. జనం ముందు ఇదే మొదటిసారి."

"మంచిదేగా!"

"ముందు ఒక్కసారి అమ్మ వింటుందేమో అడుగుతావా?"

"నువ్వే అడగరాదూ?"

"నేనడిగితే పలకదుగా" అంది పిచ్చుక. అందులో కోపం లేదు. చల్లారిన పొయ్యిలా ఉంది గొంతు. ఆయన గతుక్కుమన్నాడు.

వంటింట్లో భార్యకు ఎదురుగా నిలబడి సంగతి చెప్పాడు. టీచరమ్మ నీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయింది. ముప్పై ఏళ్ళలో ఆవిడ మొహంలో భయం చూడటం ఆయనకు అదే మొదలు.

"మీరు ఎదురుగా పేపరు పట్టుకుంటారా?" అంది.

"పట్టుకుంటాగానీ, ఆ పాటలో ఏది తప్పో ఏది ఒప్పో నాకేం తెలుసు? పద్ధతే వేరాయె."

"పోనీలెండి. ఏదో ఒకటి అంటాను. అడక్క అడక్క అడిగింది."

పిల్లలు వెళ్ళిపోయాక పిచ్చుక లాప్‌టాప్ తెచ్చి స్టూలు మీద పెట్టింది. రెండు చిన్న స్పీకర్లు తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టి వైర్లు కలిపింది. పొద్దున్నుంచీ సాధన చేస్తూ ఉండటంతో హెడ్‌ఫోన్ ఇంకా మెడలోనే వేలాడుతోంది. కుర్చీని ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కీ జరుపుకుంది. పదిహేనేళ్ళు ఎదురుగా కూర్చుని నేర్చుకున్నా, తల్లి ముందు ఆ పిల్లకు బెరుకు పోలేదు.

"ఒక్కో వరుస ఒక్కో వాయిద్యం. పలికినప్పుడు ఆ అక్షరాలు వెలుగుతాయి" అంది, తండ్రితో చెబుతున్నట్టుగా.

మీట నొక్కింది. తెర మీద అక్షరాలు ఒకటొకటిగా వెలగడం మొదలుపెట్టాయి. పైవరుసలో నెమ్మదిగా, రెండో వరుసలో త్వరత్వరగా, కింద ఎక్కడో ఒక్కటి మాత్రం మిణుకుమంటూ. టీచరమ్మ ముందుకు వంగి రెప్ప వేయకుండా చూస్తోంది. కుడిచెయ్యి ఒళ్ళో తాళం పట్టుకుంది.

పేపరు వెనక దుకాణం ఆయన చెవులు రిక్కించాడు. ఏమీ వినపడలేదు. మొదలు ఇలాగే నిదానంగా ఉంటుందేమో అనుకున్నాడు. పేపరు కొంచెం దించి చూస్తే, కూతురు మెడలోని హెడ్‌ఫోన్ వైరు ఇంకా లాప్‌టాప్‌కే తగిలించి ఉంది. పాట స్పీకర్లకు పోవడం లేదు. ఆ పిల్ల మెడ దగ్గరే దోమ రొదలా ఆగిపోతోంది. పిచ్చుకా అదే క్షణంలో గమనించింది. నాలుక కరుచుకుని వైరు పీకబోయి, తల్లి వంక చూసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

దుకాణం ఆయన పేజీ తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. పేపరు చిరిగేలా తిప్పాడు. టీచరమ్మ చూపు తెర మీదే ఉంది, ఇటు చూడలేదు.

అక్షరాలు ఆగాయి. టీచరమ్మ వెనక్కి వాలి, గొంతు సవరించుకుంది.

"రెండో వరుస కాస్త తొందరపడింది. మిగతాదంతా బాగుంది" అంది. ఇంకోసారి తెర వంక చూసి, "చాలా బాగుంది" అని కూడా అంది.

పిచ్చుక నవ్వింది. నవ్వుతూనే ఉంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చాలా బాగుందా అమ్మా? పదిహేనేళ్ళు నీ ముందు కూర్చుని వేళ్ళు కాయలు కాసేలా వాయించానే. ఆ మాట ఒక్కసారి అంటావేమో అని ఎదురుచూసి ఎదురుచూసి మానుకున్నాను. ఇవాళ అన్నావు. సౌండే రాలేదమ్మా! వినకుండానే అనేశావు. ఎందుకే అంత వెటకారం? నేనేం పాపం చేశానని?"

ఏడుపుతో మొహం పక్కకు తిప్పుకుని అన్న మాటలవి. టీచరమ్మకు పెదవులు కనపడలేదు. బిత్తరపోయి భర్త వంక చూసింది. "ఏమంటోందండీ?" అంది.

"చూశావా నాన్నా? నా మాట వినడానికి కూడా..."

"ఆవిడకు వినపడదమ్మా" అన్నాడు ఆయన.

పేపరు మడిచి కింద పెట్టాడు. ఆయన ఆ మాట భార్యకు ఎదురుగానే అన్నాడు కాబట్టి, ఆవిడకు అది బాగానే అర్థమైంది.

"మాటిచ్చారు మీరు" అంది టీచరమ్మ.

"ఇచ్చాను. ఇంక మొయ్యలేను. బిడ్డ ఏడుస్తోంది."

"మాటిచ్చారు" అని మళ్ళీ అంది ఆవిడ.

పిచ్చుక తల్లి వంకా తండ్రి వంకా మార్చి మార్చి చూసింది. వంటింట్లో పలకని పలుకులు, తలుపు దగ్గర తిరగని తల, అన్నీ ఒక్కొక్కటే ఆ పిల్ల మొహం మీద నడిచిపోవడం దుకాణం ఆయనకు కనపడింది.

"ఎన్నాళ్ళనుంచి?" అంది.

"నువ్వు వయొలిన్ మానేసినప్పటినుంచీ. కొంచెం అటూఇటూగా."

"అంటే వెనక నుంచి పిలిస్తే పలకనిది..."

ఆయన తల దించుకున్నాడు.

"అమ్మ నాతో మాట్లాడటం మానేసిందనుకున్నాను నాన్నా. ఈ ఇంట్లో నాకు అమ్మ లేదనుకున్నాను. నీ ఒళ్ళో తలపెట్టి ఎన్నిసార్లు ఏడ్చాను? జుట్టు నిమిరావుగానీ ఒక్క ముక్క చెప్పలేదు. కళ్ళజోళ్ళు అమ్ముకునే మనిషివి, కనపడుతున్నది కూడా కనపడనట్టు ఎలా ఉన్నావు?"

ఆయన కింద పెట్టిన పేపరు తీసి ఇంకో మడత పెట్టాడు.

జవాబు చెప్పింది టీచరమ్మే. కూతురి గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుని, "నేనే వద్దన్నాను. ఆయన్ని అనకు. నాకు చెవులు పోతున్నాయని తెలిస్తే నువ్వు జాలిపడి మళ్ళీ వయొలిన్ పట్టేదానివి. ఇష్టం లేకుండా, నా కోసం. నాకలాంటి వాయింపు వద్దు. నాకంత దరిద్రం పట్టలేదు" అంది. అని, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

మర్నాడు పిల్లలు వస్తే పాఠం లేదని పంపేసింది. ఆ మర్నాడూ అంతే. ఆరోగ్యం బాగాలేదని తాతగారికి దుకాణం ఆయన అబద్ధం చెప్పాడు. అబద్ధం చెప్పడం ఆయనకు ఎంత అలవాటైపోయిందంటే, చెప్పాకగానీ చెప్పినట్టు తెలియలేదు. భోజనాల దగ్గర ముగ్గురూ కంచాల్లోకి చూస్తూ తిన్నారు.

మూడో రోజు సాయంత్రం పిచ్చుక ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పి, తిన్నగా తల్లి గదిలోకి వెళ్ళింది. కుర్చీ లాక్కుని సరిగ్గా తల్లి మొహానికి ఎదురుగా కూర్చుంది. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. గుమ్మం దగ్గర నిలబడ్డ దుకాణం ఆయన లోపలికి వెళ్ళలేదు, పక్కకూ పోలేదు.

"దీన్ని చదవడం నేర్పిస్తాను, నేర్చుకుంటావా?" అంది పిచ్చుక, ఒక్కో మాటా విడదీసి.

"చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటే ఇదే."

"ఊదట్లేదుగా, చూపిస్తున్నాను. ఇదిగో ఈ పైవరుస ఒక బస్సనుకో. నాలుగు లెక్కకోసారి వస్తుంది. ఈ కిందిది మూడు లెక్కకోసారి. రెండూ ఒకే స్టాపులో ఎప్పుడు కలుస్తాయి?"

"పన్నెండుకి" అంది టీచరమ్మ. విసుగ్గానే అంది, కానీ అంది.

"అక్కడ గంట పెట్టాను."

టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "మధ్యలో ఈ చిన్న గీతలేంటి?"

"అక్కడ ఏమీ పలకదు. ఖాళీ."

"ఖాళీని కూడా రాయాలా?"

"రాయకపోతే రాదమ్మా. దీనికి ఊపిరి తీసుకోవడం తెలియదు. మనమే చెప్పాలి."

టీచరమ్మ ఆ గీతల వంక చాలాసేపు చూసింది. పిచ్చుక తల్లి అరచెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుని, అక్షరాలు వెలిగినప్పుడల్లా దాని మీద వేలితో కొట్టింది. నాలుగు లెక్క బొటనవేలితో, మూడు లెక్క చిటికెనవేలితో. కొద్దిసేపటికి టీచరమ్మ రెండో చెయ్యి దానంతట అదే తాళం అందుకుంది.

"పన్నెండు దగ్గర కలిశాక వెంటనే పరిగెత్తించకు. ఒక ఆవర్తనం, తాళం ఒక చుట్టు, ఊరికే వదిలెయ్యి. వినేవాడికి కూడా ఊపిరాడాలిగా" అంది.

పిచ్చుక ఇంకో గీత చేర్చింది. ఆ రోజునుంచి సాయంత్రాలు అలాగే గడిచాయి. నేర్పేది ఎవరో నేర్చుకునేది ఎవరో కొన్నిసార్లు ఆయనకు తెలిసేది కాదు. ఒకసారి టీచరమ్మ పొరపాటు లెక్క చెబితే పిచ్చుక అచ్చం తల్లిలాగే, "ఆగు. మళ్ళీ మొదటినుంచి" అంది. అని, భయపడి తల్లి మొహం చూసింది. టీచరమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి ఎంతకాలమైందో లెక్కపెట్టుకుంటూ ఆయన వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాడు.

కానీ హాలుకు రానంది టీచరమ్మ. "అక్కడికొచ్చి ఏం చెయ్యను? బొమ్మలా కూర్చోనా?"

"మేం రాసేదంతా వెనక గోడ మీద పెద్దగా పడుతుందమ్మా. మా వాళ్ళలో అదొక నియమం. వాయించేవాడు తెర దాచుకోకూడదు."

"తప్పు పోయినా?"

"తప్పు పోయినా సరే. అందరూ చూస్తుండగానే దిద్దుకోవాలి."

"అమ్మో!" అంది టీచరమ్మ. ఆ తర్వాత భర్తవైపు తిరిగి, "నా బూడిదరంగు చీర ఇస్త్రీకి ఇవ్వండి. కానీ అక్కడెవరికీ నా సంగతి చెప్పకండి" అంది.

ఆదివారం సాయంత్రం లైబ్రరీ మేడ మీద హాలు సగానికి పైగా నిండింది. పిచ్చుక ఆఫీసువాళ్ళు, వారం వారం ఆ పిల్లతో కలిసి నేర్చుకునేవాళ్ళు, రెండు జడల పిల్లతో సహా తాతగారు కూడా వచ్చారు. టీచరమ్మను ముందు వరుసలో మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన పక్కనే కూర్చున్నాడు. చేతిలో పేపరు లేకపోవడంతో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.

పిచ్చుక వచ్చి చిన్న బల్ల ముందు కూర్చుంది. వెనక తెల్లగోడ మీద ఖాళీ తెర వెలిగింది. మొదటి వరుస రాసింది. లోతైన మద్దెల మోతలాంటిది నేలలోంచి వచ్చింది. టీచరమ్మ అరికాళ్ళ దగ్గర అదిరిందేమో, చెప్పులు విడిచి పాదాలు నేలకు ఆనించింది. రెండో వరుస, మూడో వరుస. గోడ మీద అక్షరాలు వెలుగుతూ ఆరుతూ ఉంటే, ఆవిడ కుడిచెయ్యి ఒళ్ళో లేస్తూ పడుతూ వాటి వెంట నడిచింది. బస్సులు కలిసే చోట గంట మోగింది. ఒక ఆవర్తనం ఊరికే వదిలిన చోట హాలంతా ఊపిరి తీసుకుంది. దుకాణం ఆయనకు ఆ సంగీతం అర్థం కాలేదు, భార్య చేతినే చూస్తూ కూర్చున్నాడు.

పిచ్చుక ఇంకో వరుస చేర్చింది. దాన్ని విరిచి నాలుగు చేసింది, నాలుగింటినీ మళ్ళీ విరిచింది. పాపం ఆ లాప్‌టాప్ పాతది, అంత బరువు మొయ్యలేకపోయింది. పాట పుటుక్కున తెగిపోయింది. గోడ మీద అక్షరాలు వెలుగుతున్నవి వెలుగుతున్నట్టే బిగుసుకుపోయాయి.

హాలు నిశ్శబ్దమైపోయింది. వెనక ఎవరో దగ్గారు. పిచ్చుక మీటలు నొక్కుతోంది, ఏమీ కదలడం లేదు.

టీచరమ్మ మాత్రం తాళం వేస్తూనే ఉంది.

అక్షరాలు గోడ మీదే ఉన్నాయి, పాట నడుస్తోందనుకుంది. ఆ బిగుసుకుపోవడం కూడా కూతురు రాసిన ఖాళీయేమో అనుకుందో ఏమో, పన్నెండు లెక్కలు ఒళ్ళో తూచినట్టు పడుతున్నాయి. చీర మీద అరచెయ్యి పడే చప్పుడు ఆ నిశ్శబ్దంలో అందరికీ వినపడింది, ఆవిడకు తప్ప. తలలు ఒక్కొక్కటే ఇటు తిరిగాయి. తాతగారు ముందుకు వంగి చూశాడు. ఇన్నాళ్ళూ దుకాణం ఆయన కాపాడుకొచ్చింది ఈ ఒక్క క్షణం రాకూడదనే. భార్య చెయ్యి పట్టి ఆపడానికి తన చెయ్యి చాపాడు.

బల్ల దగ్గర నుంచి పిచ్చుక చూసింది. తండ్రి కళ్ళలోకి చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పిచ్చుక లాప్‌టాప్‌లో పాట రాసే ప్రోగ్రాము మూసి మళ్ళీ తెరిచింది. గోడ తెల్లబడి, మళ్ళీ మొదటి వరుస పడటం కనపడింది; అదీ పాటలో భాగమే అనుకుని టీచరమ్మ చెయ్యి ఆపలేదు. రాయడం అయిపోయింది, కానీ మీట నొక్కలేదు. వేలు మీట మీద ఉంచి, తల్లి చేతినే చూస్తూ కూర్చుంది. పది, పదకొండు, పన్నెండు. టీచరమ్మ చెయ్యి మొదటి లెక్కకు పడింది. సరిగ్గా దాని కిందే మద్దెల మోగింది.

హాలంతా ఒక్కసారిగా "ఆహా" అంది. ఆ తర్వాత పాట చివరిదాకా ఆగలేదు.

అయిపోయాక అందరూ లేచి చప్పట్లు కొట్టారు. తాతగారు మనవరాలి చెయ్యి పట్టుకుని గబగబా ముందుకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"టీచరమ్మా, పాట ఆగిపోయి మేమంతా కంగారుపడుతుంటే మీరు తాళం వదల్లేదు చూశారూ! మీ అమ్మాయి దాన్ని పట్టుకునే ఒడ్డున పడింది. చెవంటే మీదండీ. ఊరికే అంటారా!"

ఆగిపోయి అన్న మాట టీచరమ్మకు పెదవుల మీద దొరికింది. భర్తవైపు తిరిగింది.

"ఆగిందా?"

ఆయనకు అబద్ధం నోటిదాకా వచ్చింది. ఎంతో తేలికైన అబద్ధం. లేదులేవే, ఆయనేదో అంటున్నాడు అంటే సరిపోయేది. భార్య మొహంలోకి చూశాడు.

"ఆగింది. చాలాసేపు ఆగింది. అందరూ ఆగిపోయారు. నువ్వొక్కదానివే ఆపలేదు" అన్నాడు.

టీచరమ్మ తన చేతివంక చూసుకుంది. అందరూ తనవైపు ఎందుకు తిరిగారో ఇప్పుడు తెలిసింది. ఆవిడ మొహం మొదట ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. దుకాణం ఆయన ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు, ఎక్కడ పడిపోతుందో అని. ఆవిడ పడలేదు. తాతగారివైపు తిరిగి నిలబడింది.

"నాకు చెవి లేదండీ. వినపడదు. మీ మనవరాలి పాఠాలు కూడా నేను వినలేదు. వెనక కూర్చుని ఈయన విన్నారు. నేను దాన్ని ఎన్నిసార్లు కసురుకున్నానో, వినకుండానే కసురుకున్నాను. ఇంక వేరే టీచరు దగ్గర చేర్పించండి. దీని చెయ్యి మంచిది" అంది.

రెండు జడల పిల్ల టీచరమ్మ కొంగు పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక, అలాగే నిలబడింది.

పిచ్చుక బల్ల దగ్గర నుంచి లేచి వచ్చింది. తల్లి చెప్పింది ఆ పిల్ల చెవిన పడింది. దగ్గరికొచ్చిందేగానీ, ఎలా ఉందమ్మా అని అడగలేదు. టీచరమ్మే కూతురి రెండు చేతులూ పట్టుకుంది.

"బాగుందో లేదో నాకు తెలియదే. నేను వినలేదు. చూశాను. నేలలో కొంచెం తగిలింది. అంతే. బాగుందని ఈసారి అబద్ధం చెప్పను."

"వద్దమ్మా, చెప్పకు."

"చెవులున్నన్నాళ్ళూ రోజూ విన్నాను. ఎంత బాగా వాయించేదానివో నాకు తెలుసు. పొగిడితే చెడిపోతావని నోరు నొక్కుకున్నాను. ఇంకా బాగా రానీ, అప్పుడు చెబుదాం అనుకున్నాను. వినపడినప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెబుదామంటే వినపడదు. ఎంత పని చేశానే తల్లీ!"

నలుగురూ ఉన్నారని కూడా చూడకుండా టీచరమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆవిడ ఏడుపు పెద్దగా ఉంది. తన గొంతు ఎంత పెద్దగా ఉందో ఆవిడకు తెలియదు. పిచ్చుక తల్లిని గట్టిగా వాటేసుకుని, ఆవిడ భుజంలో మొహం దాచుకుని ఏదో అంది. టీచరమ్మకు పెదవులు కనపడలేదు. ఎప్పటిలాగే భర్తవైపు చూసింది.

"ఏమంటోందండీ?"

దుకాణం ఆయన వచ్చి భార్యకు ఎదురుగా నిలబడ్డాడు. ఆయన కళ్ళజోడు మసకబారింది. తీసి చొక్కాకు తుడుచుకున్నాడు.

"ఏం వాయించాలో తెలియక చేతులు ఆడలేదటే. అప్పుడు నీ చెయ్యి కనపడిందట. చిన్నప్పుడు కూడా తప్పినప్పుడల్లా నీ చేతినే చూసేదట" అన్నాడు, లావు గొంతుతో, ఒక్కో మాటా నిదానంగా.

టీచరమ్మ ఆయన పెదవుల మీంచి చూపు తిప్పలేదు. "ఇంకోసారి చెప్పండి" అంది.

ఆయన మళ్ళీ చెప్పాడు.